చలువ పోదు, గాలి మారుతుంది!

మీ ఇంట్లో స్ప్లిట్ ఏసీ ఉందా? ఉంటే ముందు ఈ ముక్క వినండి. అది బయటి గాలిని లోపలికి తేదు. ఒక్క గుక్కెడు కూడా తేదు!

నాకు తెలీదండీ! ఒట్టు, తెలీదు. డాబా మీద కూర్చుని బుర్రుమనే ఆ పెట్టె బయటి గాలిని లాక్కుని, చల్లబరిచి, గొట్టంలోంచి గదిలోకి తోస్తుందనుకుంటూ ఇన్నేళ్లు హాయిగా బతికేశాను. ఆ రాగి గొట్టాల్లో తిరిగేది గాలి కాదట. గ్యాసట! అది గదిలో వేడిని మోసుకెళ్లి బయట దింపి వస్తుంది, అంతే. గాలి మాత్రం ఎక్కడిదక్కడే. మనం వదిలిన గాలినే ఏసీ లాక్కుని, చల్లబరిచి, మళ్లీ మన మొహాన కొడుతుంది. రాత్రంతా! మనమేమో తలుపు బిగించి, కిటికీ బిగించి, తలుపు కింది సందులో పాత తువ్వాలు కూడా కుక్కి, ఆ వాడేసిన గాలిలోనే దుప్పటి కప్పుకుని పడుకుంటాం.

ఇది విని నోరు తెరిచాను. ఆ తర్వాత చూసినదానికి, తెరిచిన నోరు ఇంకా మూతపడలేదు!

చూసింది ఏ జర్మనీలోనో కాదు. మా అల్మాస్‌గూడలో! కర్మన్‌ఘాట్ దాటి, మీర్‌పేట, బడంగ్‌పేటల పక్కన, నూట యాభై గజాల్లో ఇళ్లు పక్కపక్కనే ఒరుసుకుంటూ లేచే మా అల్మాస్‌గూడలో! మా వీధి చివర ఒక కుర్రాడు కొత్తగా ఇల్లు కట్టుకున్నాడు. ఏసీ పనుల్లో ఉంటాడు. పడకగది గోడ మీద, పైకప్పుకు జానెడు కిందగా, అన్నం పళ్లెం అంత తెల్లటి గుండ్రటి మూత. స్పీకరు అనుకున్నాను.

"స్పీకర్ కాదంకుల్. చెయ్యి పెట్టి చూడండి" అన్నాడు.

స్టూలెక్కి పెట్టాను.

బయట మే నెల మిట్టమధ్యాహ్నం. నలభై రెండు డిగ్రీలు. గోడకు అవతల మొహం మాడిపోయే వడగాలి! ఆ గోడకే కన్నం పెట్టి, ఆ వడగాలినే గదిలోకి లాగుతున్నాడు. అరచేతికి సెగ కొట్టాలి కదా? కొట్టలేదు! చల్లగా ఉందనను. కానీ వేడి కానే కాదు. మెత్తగా, తేలిగ్గా, నిదానంగా, ఏ వాసనా లేని కొత్త గాలి వేళ్ల సందుల్లోంచి జారుతోంది!

అంతలో ఠక్కున ఆగిపోయింది. కరెంటు పోయిందనుకున్నాను. పోలేదు! లోపల ఫ్యాను తిరిగే దిక్కు మార్చుకుంది. ఇప్పుడు గదిలో గాలిని బయటికి లాగుతోంది. కుర్రాడు టిష్యూ కాగితం ముక్క ఒకటి చేతికిచ్చాడు. మూత దగ్గర పెట్టానో లేదో, టప్పున అతుక్కుంది. నిమిషం దాటి కొన్ని సెకన్లు అలాగే ఉంది. మళ్లీ ఫ్యాను ఆగింది, తిరగబడింది, కాగితం ఊడొచ్చి నా ముక్కు మీద పడింది!

ఇక స్టూలు దిగితే ఒట్టు. ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అంటూ అక్కడే నిలబడిపోయాను. "ఏందిరా, సారు గోడకు చెయ్యి పెట్టి అట్లనే నిలబడ్డడు, షాక్ గిట్ల కొట్టిందా?" అని వంటింట్లోంచి వాళ్లమ్మ కేకేసింది. కొట్టిందమ్మా! కరెంటుది కాదు!

దీని పేరు హీట్ రికవరీ వెంటిలేషన్. హెచ్‌ఆర్‌వీ అంటారు. పేరుకి బెదరకండి, సంగతి చాలా సుళువు, చాలా చమత్కారం. మూత తీసి చూపించాడు. తొమ్మిదంగుళాల గోడలో ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక గొట్టం. అందులో చిన్న ఫ్యాను. దాని వెనక తెల్లటి పింగాణీ దిమ్మ. దిమ్మ నిండా ఈ చివర నుంచి ఆ చివరకు వందలకొద్దీ సన్నటి రంధ్రాలు! లైటు వేసి చూస్తే అవతల ఆకాశం చుక్కలు చుక్కలుగా కనిపించింది. ఎంత ముద్దుగా ఉందో!

పని ఇలా జరుగుతుంది. ఫ్యాను గదిలోని చల్లటి గాలిని బయటికి తోసేటప్పుడు అది ఆ రంధ్రాల్లోంచి పోతూ పింగాణీని చల్లబరుస్తుంది. సుమారు డెబ్భై సెకన్లు. తర్వాత ఫ్యాను తిరగబడి బయటి వేడిగాలిని లాగుతుంది. ఆ గాలి చల్లబడిన రంధ్రాల్లోంచి రావాలి మరి! తన వేడిని పింగాణీకి వదిలేసి, చల్లదనం తీసుకుని గదిలోకి అడుగుపెడుతుంది. మళ్లీ తిరగబడుతుంది. వచ్చిన వేడిని బయటికే పంపేస్తుంది. గదిలో పాత గాలి పోయింది, కొత్త గాలి వచ్చింది, చలువ మాత్రం గుమ్మం దాటలేదు! ఇలాంటివి రెండు పెట్టి జతగా నడిపిస్తారు. ఒకటి లాగుతుంటే రెండోది వదులుతుంది. ఇంత చేసేదీ చిన్న ఎల్‌ఈడీ బల్బు తీసుకునేంత కరెంటుతో!

ఇంకో వింత. ఈ కిటుకు నిన్నా మొన్నటిది కాదు. పోయే వేడిని ఒకచోట దాచి వచ్చేదానికి ఇవ్వడమనే ఆలోచనకు రాబర్ట్ స్టిర్లింగ్ అనే స్కాట్లాండ్ మతబోధకుడు 1816లోనే పేటెంటు తీసుకున్నాడు. ఇంజను కోసం! చర్చిలో ప్రసంగాలు చేసుకునే ఆయనకు ఇది ఎలా తట్టిందండీ!

సరే, ఇంత హడావిడి ఎందుకు, గది చల్లగా ఉంటే చాలదా అంటారు. నేనూ అదే అన్నాను. అప్పుడు కుర్రాడు ఇంకో బుల్లి పెట్టె బల్ల మీద పెట్టాడు. అందులో ఒక అంకె వెలుగుతోంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో చెప్పే మీటరు. ఆరుబయట గాలిలో ఇప్పుడు పది లక్షల పాళ్లలో 420 పైచిలుకు పాళ్లుంటుంది. మన ఊపిరిలోంచి వచ్చే గాలిలో? నలభై వేలు! నేను మీటరు దగ్గరికి వంగి ఉఫ్ మన్నానో లేదో, అంకె పరుగులు తీసింది! నా ఊపిరి అంకెలా కనిపించడం అదే మొదటిసారి. కాస్త సిగ్గేసింది కూడా.

ఇంటికొచ్చి కాగితం పెన్ను పట్టుకుని కూర్చున్నాను. పన్నెండు బై పదకొండు అడుగుల గది, పదడుగుల ఎత్తు. అంటే 1,320 ఘనపుటడుగులు, దాదాపు 37 వేల లీటర్ల గాలి. నిద్రపోయే పెద్ద మనిషి గంటకు పన్నెండు లీటర్ల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. ఇద్దరికి పాతిక అనుకోండి. సందులేవీ లేని గదైతే గంటగంటకూ 670 పాళ్ల చొప్పున పెరుగుతుంది. పదింటికి పడుకుంటే ఒంటి గంటకల్లా 2,400 దాటాలి! నిజానికి మన తలుపుల సందులు కొంత కాపాడతాయి. మన వడ్రంగులకు ఒక దండం! అయినా ఏసీ గదుల్లో తెల్లారేసరికి 2,000 దాటడం వింతేమీ కాదట.

ఎంతుంటే మంచిదో చెప్పిన పెద్దమనిషి ఎవరో తెలుసా? మ్యూనిక్‌లో ఉండే మాక్స్ ఫాన్ పెట్టెన్‌కోఫర్. గదిలో వెయ్యి పాళ్లు దాటితే ఆ గాలి మనుషులుండే గదికి తగినది కాదని 1858లోనే అన్నాడు! మన దగ్గర సిపాయిల తిరుగుబాటు ఇంకా పూర్తిగా చల్లారని రోజులవి. ఇంకా కరెంటు బల్బు కూడా ఇళ్లలోకి రాలేదు. ఆయన ఈ గాలి లెక్క వేసి పెట్టేశాడు. వెయ్యి దాటగానే ప్రాణాల మీదికొస్తుందని కాదు. గదిలో గాలి మారడం లేదు, మన ఊపిరి, చెమట, పెయింటు వాసన, ప్లైవుడ్ వాసన అన్నీ అందులోనే తిరుగుతున్నాయని చెప్పే గుర్తు అది.

పొద్దున్నే లేవగానే తల దిమ్ముగా ఉండడం, నోరు చేదుగా ఉండడం, గది తలుపు తెరిచి హాల్లోకి రాగానే అబ్బా అనిపించడం. మీకూ ఉందా? నేను తలగడను అనుమానించాను. రాత్రి తిన్న పులిహోరను అనుమానించాను. వయసును అనుమానించాను. గాలిని ఎప్పుడూ అనుమానించలేదు!

కిటికీ తెరిస్తే పోలేదా? ఈ ప్రశ్న మీ నాలుక చివరే ఉందని తెలుసు. రండి, మా అల్మాస్‌గూడలో తెరిచి చూద్దాం.

పొద్దున తెరిస్తే పక్క స్థలంలో పునాదుల పని. ఇసుక లారీ, కంకర టిప్పరు, రెడీమిక్స్ బండి, దుమ్ము! మధ్యాహ్నం తెరిస్తే వడగాలి. సాయంత్రం తెరిస్తే దోమలు, చీకటి పడితే ఇంకా దోమలు! రాత్రి తెరిస్తే కుక్కల కచేరీ. వినాయక చవితి నవరాత్రుల్లో తెరిస్తే, పక్కనే బాలాపూర్ కదా, డీజే దెబ్బకు స్టీలు గిన్నెలు అవే మోగుతాయి. పైగా పక్కింటి గోడకు మా గోడకు మధ్య మూడడుగులు. కిటికీ తెరిస్తే వచ్చేది వాళ్ల వంటింటి పోపు, వాళ్ల ఏసీ పెట్టె వదిలే సెగ!

కేంద్రం 2018 డిసెంబరులో ఇళ్ల కోసం ఎకో నివాస్ సంహిత అని ఒక నియమావళి తెచ్చింది. అందులో హైదరాబాద్ లాంటి మిశ్రమ వాతావరణం ఉన్న ఊళ్లలో, ఇంటి నేల వైశాల్యంలో కనీసం 12.5 శాతం తెరవగల కిటికీలు, తలుపులు ఉండాలని రాశారు. బాగుంది! మన స్లైడింగ్ కిటికీలు తెరిచేది సగమే కాబట్టి వాటిని సగమే లెక్కపెట్టాలని కూడా రాశారు. ఇంకా బాగుంది! తెరవగలిగితే సరిపోతుందా, తెరిచేవాళ్లు ఉండొద్దూ!

మా అమ్మమ్మ వాళ్ల ఇంట్లో ప్రతి గుమ్మం పైనా వెంటిలేటరు ఉండేది. చెక్క చట్రం, మధ్యలో ఇనుప కడ్డీలు, పిచ్చుకల కాపురం. వేడిగాలి పైకి లేచి అందులోంచి పోయేది, కిందినుంచి కొత్త గాలి వచ్చేది. మండువా లోగిళ్లలో అయితే నడిమధ్యనే ఆకాశం! ఏసీ వచ్చింది, వెంటిలేటర్లు పోయాయి. చలువ కారిపోతుందని మేస్త్రీతో మనమే దగ్గరుండి పూడిపించాం. మా ఇంట్లోనూ పూడిపించాం. ఎందుకు పెట్టారో మాకు తెలిస్తే కదా!

ఇప్పుడు అసలు పెద్ద పెట్టె గురించి చెప్పకుండా ఉండలేను. ఇప్పటిదాకా చెప్పింది ఒక గది గోడలో పట్టే బుల్లిది. ఇల్లంతటికీ కలిపి ఒకటే పెట్టె పెట్టే పద్ధతి ఉంది. ఫాల్స్ సీలింగ్‌లోనో, అటక మీదో పెడతారు. లోపల పలచటి రేకులు వందల పొరలుగా ఉంటాయి. ఒక పొరలో పోయే గాలి, పక్క పొరలో వచ్చే గాలి. రెండూ కలవవు. మధ్యలో రేకు! వేడి మాత్రం రేకు దాటుతుంది.

ఇక్కడే నాకు బుర్ర తిరిగింది. రెండు గాలులూ ఒకే వైపు ప్రయాణిస్తే వేడి సగానికి మించి చేతులు మారదు. ఎదురెదురుగా ప్రయాణిస్తే 80, 90 శాతం దాకా మారుతుంది! ఎందుకు? మంగళవారం కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడి ఊహించుకోండి. మధ్యలో కటకటాలు. ఇటువైపు బరువైన సంచులతో గర్భగుడికి వెళ్లే వరస, అటువైపు ఖాళీ చేతులతో తిరిగొచ్చే వరస. వెళ్లేవాళ్లు ఎదురుపడ్డ ప్రతివాళ్లకూ కటకటాల్లోంచి కాస్త కాస్త సామాను అందిస్తూ నడిచారనుకోండి. ముందుకెళ్లేకొద్దీ ఎదురయ్యేవాళ్లు ఇంకా ఇంకా ఖాళీ చేతులతో ఉంటారు కదా! కాబట్టి చివరి అడుగు దాకా ఇచ్చేందుకు వీలుంటుంది. స్వామి ఎదుటికి చేరేసరికి చేతులు దాదాపు ఖాళీ! అదే ఇద్దరూ ఒకే వైపు పక్కపక్కనే నడిస్తే? బరువు సగం సగం అయ్యాక ఇచ్చేదేముంది, పుచ్చుకునేదేముంది? ఆ సంచుల్లో ఉన్నది వేడి. అంతే తేడా!

లెక్క చూడండి, మతి పోతుంది. బయట 42, లోపల 26. తేడా పదహారు. పెట్టె 75 శాతం పనిచేస్తే పన్నెండు డిగ్రీలు దారిలోనే దిగిపోతాయి. లోపలికొచ్చే గాలి 30 డిగ్రీలు! హైదరాబాద్ చరిత్రలో పెద్ద ఎండ 1966 జూన్ 2న, 45.5 డిగ్రీలు. ఆ రోజున ఈ పెట్టె ఉండి ఉంటే గాలి 31 దాటకుండా వచ్చి ఉండేది! చలికాలంలో ఇదే పెట్టె తిరగబడి పనిచేస్తుంది. బయట 13, లోపల 24 ఉంటే, గాలి 21 మీద వస్తుంది. స్విచ్ మార్చక్కర్లేదు, మీట తిప్పక్కర్లేదు. ఏ వైపు వేడి ఉందో దానికదే చూసుకుంటుంది!

మొదట ఎవరికి అవసరమైందంటే, చలికి వణికేవాళ్లకు. కెనడాలో రెజైనా అని ఒక ఊరుంది. శీతాకాలంలో సున్నాకు ముప్ఫై డిగ్రీలు కిందికి పోయే ఊరు. అక్కడ 1977లో సస్కాచివాన్ కన్జర్వేషన్ హౌస్ అనే ఇల్లు కట్టారు. మందమైన గోడలు, గాలి చొరబడని బిగింపు. ఇంత బిగిస్తే లోపలివాళ్లు ఊపిరెలా తీసుకుంటారు? అందుకని గాలినుంచి గాలికి వేడి మార్చే పెట్టె అమర్చారు. తర్వాత 1991లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో నాలుగిళ్ల వరస ఒకటి లేచింది. ప్రపంచంలో మొదటి పాసివ్ హౌస్, అంటే అతి తక్కువ ఇంధనంతో నడిచే ఇల్లు, అని దానికి పేరు. ఆ పద్ధతిలో పెట్టె కనీసం 75 శాతం వేడిని వెనక్కి రాబట్టాల్సిందే.

ఈ సంబరంలో ఒంటారియోలో ఉండే మా మేనకోడలికి వీడియో కాల్ చేశాను. "నీకో అద్భుతం చెప్తానే!" అన్నాను. అంతా విని, "మామయ్యా, అది మా బేస్‌మెంట్‌లో ఉంది. నువ్వు వచ్చినప్పుడు దాని మీదే కదా అప్పడాలు ఆరబెట్టావు!" అంది. ఒంటారియోలో 2017 నుంచి కొత్త ఇళ్లకు ఇది తప్పనిసరట! దాని పక్కనే నిలబడి, వాషింగ్ మెషీన్ తమ్ముడు కాబోలనుకున్నానండీ నేను!

కానీ మన ఊరు కెనడా కాదు. ఇక్కడే అసలు మెలిక, అసలు మజా! మనకు వేడితో పాటు తేమ. జులై, ఆగస్టుల్లో బయటి గాలి నీళ్లు మోసుకుని వస్తుంది. ఏసీ గొట్టంలోంచి బకెట్‌లోకి కారే నీళ్లు చూశారుగా, అవన్నీ గాలిలోంచి పిండినవే. వేడిని మాత్రమే ఆపి తేమను రానిస్తే ఏసీకి మళ్లీ చాకిరీ. అందుకని రేకుల బదులు ఒక రకం పొర వాడతారు. ఆ పొర గాలిని దాటనివ్వదు, నీటి ఆవిరిని దాటనిస్తుంది! వచ్చే గాలిలోని తేమ పొర దాటి, పోయే గాలిలో చేరి, వచ్చిన దారినే బయటికి పోతుంది. దీన్ని ఎనర్జీ రికవరీ వెంటిలేటర్, ఈఆర్‌వీ అంటారు. హైదరాబాద్‌లో ఇల్లంతటికీ పెట్టుకునేవాళ్లు అడగాల్సింది ఈఆర్‌వీనే. గోడలో పెట్టే పింగాణీ దిమ్మ తేమ విషయంలో కాస్త వెనకే. నా మనసంతా దాని మీదే ఉన్నా, ఉన్నమాట చెప్పాలి కదా!

పెద్ద భవనాలవాళ్లకు ఇది ఎప్పుడో తెలుసట. బయటి గాలి ఎక్కువగా వాడే పెద్ద ఆసుపత్రులు, హోటళ్ల వ్యవస్థల్లో కనీసం 50 శాతం రాబట్టే పరికరం ఉండాలని 2017 నాటి ఇంధన పొదుపు భవన నియమావళే అంది. మన చెవిన మాత్రం ఎవరూ వేయలేదు!

ఇంతకీ మన ఊళ్లోనే ఒక అద్భుతం ఉంది. హైటెక్ సిటీ దగ్గర కొత్తగూడలో సీఐఐ సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్. 2004 జులై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. పర్యావరణానికి మేలు చేసే భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం రేటింగ్‌ను అమెరికా బయట పొందిన మొట్టమొదటి భవనం అది. అమెరికా తర్వాత లండన్ కాదు, పారిస్ కాదు, మన హైదరాబాద్! దానికి రెండు గాలి బురుజులున్నాయి. బయటి వేడిగాలి ఆ బురుజుల్లోంచి దిగుతూ తడి తగిలి, ఏడెనిమిది డిగ్రీలు చల్లబడి, ఆ తర్వాత ఏసీ యంత్రంలోకి వెళుతుంది. దారి వేరు, ఉద్దేశం ఒకటే. కొత్త గాలి రావాలి, సెగ రాకూడదు! ఎల్‌బీనగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, హైటెక్ సిటీలో దిగే మనవాళ్లు వేలమంది ఉన్నారు. ఎంతమందికి తెలుసు ఈ బురుజుల సంగతి? నాకైతే నిన్నటిదాకా తెలీదు!

ఇంకో సరదా. సింధులో కూడా ఒక హైదరాబాద్ ఉంది కదా. ఆ ఊళ్లో ఒకప్పుడు ఇంటింటి డాబా మీదా గాలిని పట్టి కిందికి దింపే గాలిగూళ్లు ఉండేవి. వందల ఇళ్లు, అన్నీ ఒకే వైపు మొహం పెట్టి! పేరు కలిసినందుకైనా మనం కాస్త నేర్చుకోవద్దూ!

సరే సరే, నిదానిస్తాను. ఇంత చెప్పాక చేదు ముక్కలూ చెప్పాలి.

దీనివల్ల కరెంటు బిల్లు సగమైపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. పన్నెండు వందల అడుగుల డబుల్ బెడ్‌రూమ్ ఇంటికి, అమెరికా ప్రమాణాల లెక్కలో, నిమిషానికి 60 ఘనపుటడుగుల కొత్త గాలి కావాలి. 42 డిగ్రీల ఎండలో అంత గాలిని నేరుగా వదిలితే ఏసీ మీద పడే అదనపు వేడి అర కిలోవాట్. టన్ను ఏసీ సత్తాలో ఏడో వంతు. ఈ పెట్టె అందులో ముప్పావు వంతు మిగులుస్తుంది. మిగులే, కానీ భాగ్యం కాదు. దీనివల్ల వచ్చే అసలు లాభం మీటరు బిల్లులో కాదు, మీరు పీల్చే గాలిలో ఉంది. నా తీర్పు అదే.

గాలి వచ్చే దారిలో ఫిల్టరు ఉంటుంది. దుమ్మును పట్టేది అదే. మా కుర్రాడు తన ఫిల్టరు తీసి చూపించాడు. తెల్లగా కొన్నది నల్లగా, మట్టిరంగుగా, వెంట్రుకలతో! "ఇది మొత్తం మన ముక్కులకే పోయేది అంకుల్" అన్నాడు. నేను రెండడుగులు వెనక్కి వేశాను. అల్మాస్‌గూడ లాంటి చోట దాన్ని తరచూ కడగాలి, మార్చాలి. బద్ధకస్తులు పెట్టుకోకండి. పూడుకుపోయిన ఫిల్టరుతో అది గోడకు అలంకారమే.

వంటింటి పొగ దీనికి తగిలించొద్దు. పోపు జిడ్డు రేకుల్లో పేరుకుపోతుంది. వంటింటికి చిమ్నీయో ఎగ్జాస్ట్ ఫ్యానో వేరుగా ఉండాల్సిందే. తలుపులు, కిటికీలు వదులుగా, సందులు సందులుగా ఉన్న ఇంట్లో ఇది దండగ. ముందు సందులు మూయాలి, తర్వాత గాలికి దారి ఇవ్వాలి. డిసెంబరు, జనవరి సాయంత్రాల్లో, దోమతెర ఉన్న కిటికీ ఉంటే, హాయిగా తెరుచుకోండి. దానికి మించిన యంత్రం లేదు!

దోమల మాట వచ్చింది కాబట్టి ఇది వినండి. ఏసీ గదిలో మస్కిటో కాయిల్ వెలిగించే వాళ్లున్నారా? ఒక కాయిల్ కాలితే వచ్చే సన్నటి పొగ రేణువులు 75 నుంచి 137 సిగరెట్లతో సమానమని 2003లో ఒక పరిశోధన తేల్చింది. గాలి మారని గదిలో! పిల్లలు పడుకున్న గదిలో! చదివిన రాత్రే మా ఇంట్లో కాయిల్ పెట్టె చెత్తబుట్టలోకి వెళ్లింది. మా ఆవిడ "ఇప్పుడు దోమలకేం చేస్తారు?" అంది. దోమతెర దింపాను. అటక మీద ఎన్నాళ్లుగా ఉందో పాపం!

చప్పుడు సంగతి కూడా అడిగింది మా ఆవిడ. చిన్నగా ఫ్యాను హోరు ఉంటుంది. దిక్కు మార్చుకునేటప్పుడు ఒక క్షణం నిశ్శబ్దం. మా ఏసీ గుర్రు ముందు ఇదెంత, నా గుర్రు ముందు అదెంత!

మీరూ చూడండి! దయచేసి చూడండి! కొనమని అనడం లేదు, ముందు చూడండి. తెలిసినవాళ్ల ఇంట్లో ఉంటే వెళ్లి చెయ్యి పెట్టండి, కాగితం ముక్క పెట్టండి. ఎక్కడా లేకపోతే కార్బన్ డయాక్సైడ్ మీటరు ఒకటి కొని గానీ అడిగి తెచ్చుకుని గానీ, ఒక్క రాత్రి మీ ఏసీ గదిలో తలాపున పెట్టుకోండి. పొద్దున్నే లేచి అంకె చూడండి. తర్వాత మీతో ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు!

ఇల్లు కట్టుకుంటున్నారా? గోడలు ఇంకా లేస్తున్నాయా? అయితే మీరు అదృష్టవంతులు. ఇప్పుడే మేస్త్రీని పిలవండి. ప్రతి పడకగదిలో బయటి గోడకు, పైకప్పు దగ్గర, 160 ఎంఎం పీవీసీ పైపు ముక్క ఒకటి పెట్టించండి. పెట్టే పరికరం కొలత ముందే కనుక్కుంటే ఇంకా మంచిది. వాన నీరు లోపలికి రాకుండా పైపును బయటి వైపు కాస్త వాలుగా ఉంచమనండి. పక్కన ఒక కరెంటు పాయింటు. రెండు వైపులా మూత. ఆ పైపు ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది. పెట్టె ఇప్పుడే కొనక్కర్లేదు, డబ్బులు కూడాక కొనుక్కోవచ్చు. ప్లాస్టరింగు, పెయింటు అయిపోయాక మాత్రం ఆ కన్నం కోసం కోర్ కటింగ్ మిషన్ తెప్పించాలి, ఇల్లంతా దుమ్ము చేసుకోవాలి. అందుకే రేపు పని మొదలయ్యేలోపే చెప్పండి!